మైనం కాగితం కప్పిన తట్ట

మధ్యాహ్నం బడి మళ్లీ మొదలై ఎంతోసేపు కాలేదు. కడుపులో అన్నం, తలపైన తిరిగీ తిరగని ఫ్యాను. ఆరో తరగతిలో సగం మందికి కళ్లు మూతలు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే రఘునాథ్ సారు బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, దాని చుట్టూ ఇంకో గీత గీశారు.

"ఇది భూమి. చుట్టూ ఉండేది గాలి పొర," అన్నారు సారు. "ఎండ లోపలికి వస్తుంది, నేల వేడెక్కుతుంది. ఆ వేడి కొంత మళ్లీ పైకి పోవాల. మనమేమో బొగ్గు కాలుస్తాం, పెట్రోలు కాలుస్తాం, అడవులు కొట్టేస్తాం. కాల్చిన దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు పైకి పోయి దుప్పటిలా కప్పుకుంటాయి. పోవాల్సిన వేడిని పోనీయవు."

"ఆ దుప్పటిని పీకేస్తే పాయె గదా సార్?" వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

"మొత్తం పీకేస్తే రాత్రికి గడ్డకట్టి పోతామప్పా. దుప్పటి ఉండాల్సిందే. మందం పెరుగుతా పోతేనే కష్టం."

ఆ కష్టమేమిటో కూడా సారు చెప్పారు. మంచుకొండలు కరుగుతున్నాయి. సముద్రం మెల్లగా పైకి వస్తోంది. మన పులికాట్ సరస్సు ఒడ్డు లాంటి చోట్ల ఉండే ఊళ్లవాళ్లకు ఉప్పునీళ్లు లోపలికొస్తాయేమోనని భయం. ఒక చోట వానే పడదు, ఇంకో చోట నెల వానంతా ఒక్క పూటలో పడి పంటను ఊడ్చుకుపోతుంది.

"మా మామోళ్లకు బంగారుపాళ్యంలో మామిడితోట ఉండాది సార్," అంది ఐశ్వర్య. "ఈసారి పూత ఆలస్యంగా వచ్చిందంట. వచ్చింది కూడా ఎండకు మాడిపోయిందని మా అత్త ఫోన్లో చెప్పింది."

"చూసినారా, ఎక్కడో మంచుకొండల దగ్గరే కాదు," అన్నారు సారు. "నూటయాభై ఏళ్ల కిందటితో పోలిస్తే భూమి వేడి ఇప్పటికే ఒక డిగ్రీకి పైన పెరిగింది. ఒకటిన్నర దాటి పోనీకుండా చూసుకోవాలని దేశాలన్నీ అనుకున్నాయి."

అప్పుడు లేచింది పల్లవి. మనసులో ఏదైనా పుడితే అది నోటిదాకా రావడానికి ఆమెకు రెప్పపాటు చాలు. వాళ్ల అమ్మ ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటుంది.

"ఒకటిన్నర డిగ్రీకే ఇంత గోలా సార్? పొద్దున బడికొచ్చేటప్పుడు చలేస్తా ఉండాది. ఇప్పుడు సూడండి, చెమటలు కారతా ఉండాయి. ఎన్ని డిగ్రీలు పెరిగుంటాదో. మనకేమన్నా అయిందా?"

నిద్రపోతున్న వాళ్లంతా లేచారు. క్లాసు ఘొల్లుమంది. సారు కూడా నవ్వారు.

"మంచి ప్రశ్న అడిగినావు. జవాబు మాత్రం నేను చెప్పను," అన్నారు. "నువ్వే కనుక్కో. తొందరేం లేదు. దొరికినప్పుడు వచ్చి చెప్పు."

పల్లవి ఆ రోజు ఇంటికి నడిచిన నడక చూడాల్సిందే. సారుకే జవాబు తెలియని ప్రశ్న వేశానని ఆమె నమ్మకం.

*

పల్లవి వాళ్ల ఊరు పలమనేరు పక్కనే. నాయన మునిప్రసాద్‌కు మల్బరీ తోట, దాని అంచున పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. షెడ్డులో వరసగా స్టాండ్లు. స్టాండ్ల మీద మల్బరీ రెమ్మలు, రెమ్మల మీద వేలవేల పురుగులు.

పట్టుపురుగులను పెంచేవాళ్లకు ఒక మాట ఉంది. పురుగు కొన్ని రోజులు తిని, తల పైకెత్తి కదలకుండా నిద్రపోతుంది. పాత చర్మం విడిచి కొత్త చర్మంతో లేస్తుంది. దాన్ని వాళ్లు 'జ్వరం' అంటారు. నిజం జ్వరం కాదులెండి, మందూ మాత్రా అక్కర్లేదు. అలా నాలుగు జ్వరాలు దాటిన పురుగు ఒక వారం పాటు ఆకలిగొన్న దయ్యంలా తిని, ఆ తర్వాత గూడు కట్టుకుంటుంది. ఆ గూడే పట్టు.

పల్లవి ఇల్లు చేరేసరికి షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేస్తున్నాయి. నాయన రెండు పాత వెదురు తట్టలు దులిపి, ఒక్కోదాంట్లో కొన్ని పురుగులు వేశాడు. ఒకటి పల్లవికి, ఒకటి మూడో తరగతి చదివే తమ్ముడు వంశీకి.

"ఇవి మీ పురుగులు. మేత మీదే, శుభ్రం మీదే," అన్నాడు. "బాగా సూసుకోండి."

నాయన అటు తిరిగాడో లేదో, వంశీ పందెం కట్టాడు. "ఎవురి పురుగులు ముందు గూడు కడితే వాళ్లు గెలిచినట్టు. సరేనా అక్కా?"

"ఓడిపోయినోళ్లు?"

వంశీ కాస్త ఆలోచించాడు. ఎండాకాలంలో షెడ్డు చల్లగా ఉండడానికి కిటికీలకు గోనెసంచులు కట్టి, వాటిని మధ్యాహ్నమల్లా తడుపుతూ ఉండాలి. ఇంట్లో అందరూ తప్పించుకు తిరిగే పని అదే. "ఓడిపోయినోళ్లు ఈ ఎండాకాలమంతా గోనెలు తడపాల. ఒకరి తట్ట ఇంకొకరు సూడకూడదు."

పల్లవి ఒప్పుకుంది. తన తట్టను షెడ్డు చివర, ఆఖరి స్టాండు కిందికి తోసింది.

అక్కడ గోడకు ఆనించి ఒక చుట్ట కనబడింది. మైనం కాగితాలు. పురుగులు చీమ తలంత ఉన్నప్పుడు అవ్వ యశోదమ్మ తట్టల మీద ఆ కాగితాలు కప్పుతుంది. లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి పిల్ల పురుగులు చూస్తూ ఉండగానే పెరుగుతాయి. పల్లవి ఎన్నోసార్లు కళ్లారా చూసింది.

చిన్న పురుగులకు అంత పని చేసే కాగితం పెద్ద పురుగులకు చేయదా? కాగితం తీసి తట్ట మీద కప్పేసింది. అంచులు కూడా చక్కగా లోపలికి దోపింది. గోడకున్న థర్మామీటరు తెచ్చి లోపల కాసేపు పెట్టి చూసింది. షెడ్డు కంటే తట్టలో ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ.

ఒకటిన్నరే. పల్లవికి నవ్వొచ్చింది.

*

మొదటి రెండు రోజులు ఆ పురుగులు తిన్న తిండి ఇంతా అంతా కాదు. పట్టుపురుగులు ఆకు తింటుంటే సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడవుతుంది. పల్లవి తట్టలో అయితే జడివానే. వేసిన ఆకు వేసినట్టే మాయం. బడికి పోయేముందు, వచ్చాక, పడుకునేముందు కాగితం పక్కకు జరిపి మేత వేయడం, మళ్లీ కప్పడం.

మూడో రోజు ఆపుకోలేక వంశీ తట్టలోకి తొంగిచూసింది. ఒప్పందం ఒప్పందమే కానీ, గెలిచేవాళ్లకు ఆత్రం ఎక్కువ. వంశీ పురుగులు తన పురుగుల కంటే సన్నగా ఉన్నాయి. పల్లవి సంబరానికి అంతులేదు.

బడిలో ఐశ్వర్య చెవిలో చెప్పింది. "సారు ప్రశ్నకు జవాబు దొరికిందిమే. ఒకటిన్నర డిగ్రీ పెరిగితే ఏమయితాదో తెలుసా? బాగా బలుస్తారు."

"మనుషులా?" అంది ఐశ్వర్య భయంగా.

"పురుగులు. నీకు తర్వాత చెప్తాలే."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాగితం ఎత్తితే ఆకు సగం అలాగే ఉంది. కడుపు నిండిందేమోలే అనుకుంది పల్లవి. మిగిలిన రెమ్మలు పారేయడానికి మనసొప్పలేదు. ఆకు వృథా చేస్తే అవ్వ ఊరుకోదు. అందుకని ఆ రెమ్మలు తీసి పైనున్న నాయన స్టాండు మీద, ఒక కొసన వేసింది. కొత్త రెమ్మలు తెచ్చి తన తట్టలో వేసింది.

మర్నాడు పొద్దున కాగితం ఎత్తగానే ఏదో వాసన కొట్టింది. కాగితం లోపలి వైపంతా నీటి బొట్లు. కింద ఆకు తడిసి నల్లబడింది. కొన్ని పురుగులు తట్ట అంచుకు పాకి, తలలు బయటికి వేలాడేసి ఉన్నాయి. కొన్ని కదలడం లేదు. ఒకదాన్ని వేలితో తాకితే మెత్తగా జారిపోయింది.

వాన చప్పుడు లేదు. తట్టలో ఏ చప్పుడూ లేదు.

పల్లవికి మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. తట్ట ఎత్తుకుపోయి కంచె అవతల పారేస్తే ఎవరికి తెలుస్తుంది? కాకులు తిన్నాయని చెప్పొచ్చు.

అప్పుడు నిన్న పైన వేసిన రెమ్మలు గుర్తొచ్చాయి.

రెండేళ్ల కిందట ఒకసారి షెడ్డులో జబ్బు పడింది. ఒక మూల మొదలై స్టాండ్లన్నిటికీ పాకింది. నాయన, అమ్మ పురుగులన్నిటినీ గంపలకెత్తి గుంతలో పోసి సున్నం చల్లారు. ఆ సాయంత్రం నాయన షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. పల్లవి నీళ్ల చెంబు తెచ్చిస్తే తీసుకుని, తాగకుండా పక్కన పెట్టాడు. ఆ చెంబు ఇప్పటికీ ఆమెకు గుర్తుంది.

తల పైకెత్తి చూసింది. ఆఖరి స్టాండు మీద పురుగులు ఇంకా తింటూనే ఉన్నాయి. పల్లవి చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి పరిగెత్తింది.

*

నాయన సాళ్ల మధ్య వంగి రెమ్మలు కోస్తున్నాడు.

"నాయనా, నా తట్టలో పురుగులు సచ్చిపోతా ఉండాయి. నేనే చేసినా."

ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. పందెం, మైనం కాగితం, నిన్న పైన వేసిన రెమ్మలు. నాయన కొడవలి కింద పడేసి షెడ్డు వైపు నడిచాడు. నడిచాడంటే నడక కాదు, పల్లవి వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

"యాడ వేసినావు రెమ్మలు? సరిగ్గా సూపించు."

చూపించింది. నాయన ఆ కొసనున్న ఆకునంతా, దాని మీద పురుగులతో సహా ఎత్తి విడిగా ఒక గంపలో పెట్టాడు. అమ్మ సున్నం పొడి తెచ్చి ఆ చోటంతా చల్లింది. పల్లవి తట్ట బయటి వసారాలోకి పోయింది. అందరూ చేతులు మందు నీళ్లలో కడుక్కున్నారు. అంతసేపూ నాయన ఒక్క తిట్టూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది పల్లవికి.

అవ్వ వచ్చి వసారాలో తట్ట పక్కన కూర్చుంది. చచ్చినవాటిని పుల్లతో ఏరేసి, కదిలేవాటిని పొడి ఆకు మీదికి మార్చసాగింది.

"చిన్నప్పుడు కప్పితే మంచిదే గదవ్వా," అంది పల్లవి ముక్కు చీదుకుంటూ. "నువ్వే కప్పుతావు గదా."

"చిన్నప్పుడు వాటికి వెచ్చదనం కావాల. పెద్దయినాక గాలి కావాల. అంత తింటాయి గదా, లోపలంతా ఆవిరి పడతాది. నిన్ను పసిబిడ్డప్పుడు మూడు గుడ్డల్లో చుట్టినా. ఇప్పుడు ఈ ఎండలో అట్ల చుడితే ఊరుకుంటావా?"

"కానీ ఒకటిన్నర డిగ్రీనే ఎక్కువయింది అవ్వా. మధ్యాహ్నం షెడ్డులో అంతకంటే ఎక్కువే పెరగతాది. అప్పుడేం కాలేదు గదా."

చేతులు తుడుచుకుంటూ వచ్చిన నాయన ఆ మాట విన్నాడు. గడప మీద కూర్చున్నాడు.

"మధ్యాహ్నం పెరిగిన వేడి సాయంత్రానికి దిగిపోతాది పాపా. పురుగు తేరుకుంటాది. నీ కాగితం రాత్రి కూడా తీయలేదే. పొద్దునా అంతే, రాత్రీ అంతే, మర్నాడూ అంతే. మొదట్లో బాగానే తింటాది. లోపల లోపల నీరసం పడతా వస్తాది. మనకు తెలిసేటప్పటికి ఇట్ల ఉంటాది." తట్ట వైపు చూపించాడు. "పోనీ లేచి యాడికన్నా పోదామంటే దానికి ఇంకో తట్ట యాడుండాది?"

పల్లవి చప్పున తలెత్తింది. బోర్డు మీద సారు గీసిన గుండ్రం, దాని చుట్టూ గీసిన గీత కళ్ల ముందు కనబడ్డాయి.

అప్పటిదాకా స్తంభం పక్కన నిలబడి అంతా విన్న వంశీ ముందుకొచ్చాడు. "అయితే అక్కా, నువ్వు దొంగాట ఆడినావు."

"ఊ."

"ఓడిపోయినట్టే గదా?"

"ఊ."

"గోనెలు నీవే గదా?"

కళ్లనీళ్ల మధ్యే పల్లవికి నవ్వొచ్చింది. అవ్వ వాడి నెత్తిన ఒకటి మెత్తగా మొట్టింది.

*

ఆ తర్వాతి రోజులు పల్లవికి యుగాల్లా గడిచాయి. పొద్దున లేచీ లేవగానే షెడ్డు వాకిలి దగ్గర నిలబడి చెవి ఒగ్గేది. సన్నటి వాన చప్పుడు వినబడితే ఊపిరి పీల్చుకునేది. ఎవరూ అడగకముందే గోనెలు తడిపేది. ఎండలు ఇంకా ముదరని ఆ రోజుల్లో ఒకసారి తడిపితే సరిపోయే దానికి మూడుసార్లు తడిపి, షెడ్డు ముందు బురద చేసి, అమ్మ చేత తిట్లు తింది. ఆ తిట్లు ఎంత హాయిగా అనిపించాయో చెప్పలేం.

ఒక మధ్యాహ్నం నాయన ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు. తెల్లటి ఒళ్లు లేత పసుపుకు తిరిగి, అద్దంలా మెరుస్తోంది.

"పండినాయి," అన్నాడు. గొంతులో నవ్వు ఉంది. "రండి రండి, అందరూ రండి."

గూడు కట్టడానికి అలా పండిన పురుగులను ఏరి చంద్రికల మీద వేయాలి. చంద్రిక అంటే పెద్ద వెదురు తడిక. దాని మీద సుడులు సుడులుగా అల్లిన వెదురు బద్దల మధ్య పురుగు చోటు చూసుకుని గూడు కడుతుంది. ఆ పని ఆలస్యమైతే పురుగు ఎక్కడ పడితే అక్కడే కట్టేస్తుంది. అందుకని ఇంటిల్లిపాదీ దిగారు. ఐశ్వర్య కూడా వచ్చింది. ముందు ముట్టుకోవడానికి జంకింది, కాసేపటికి చేతినిండా పురుగులు పెట్టుకుని వంశీని తరిమింది. అమ్మ నవ్వింది, అవ్వ పాత పాట ఒకటి తీసింది. వంశీ తన తట్టలో పండిన పురుగులను ఒక్కొక్కదానికీ పేరు పెట్టి మరీ చంద్రిక ఎక్కించాడు.

షెడ్డు నిలిచింది. జబ్బు ఎక్కడికీ పాకలేదు.

గూళ్లు ఏరేనాటికి చంద్రికలన్నీ మల్లెలు పూసినట్టు తెల్లగా ఉన్నాయి. నాయన ఒక గూడు తీసి పల్లవి చెవి దగ్గర ఆడించాడు. లోపలి పురుగు కదిలి గలగలమంది.

"ఆ పొద్దు నువ్వు వచ్చి చెప్పకపోయుంటే ఈ చప్పుడు ఉండేది కాదు," అన్నాడు. పల్లవి నాయన చెయ్యి పట్టుకుని కాసేపు వదలలేదు.

వసారాలో బతికిన కొన్ని పురుగులు కూడా గూళ్లు కట్టాయి. పలచటివి, చిన్నవి. వేలితో నొక్కితే లోపలికి పోతాయి. అమ్మ వాటిని పారేయబోతే పల్లవి ఒకటి అడిగి తీసుకుంది. వంశీని బతిమాలి వాడి గూళ్లలోంచి ఒకటి తీసుకుంది. వాడు ఊరికే ఇవ్వలేదు, రెండు రోజులు వాడి పుస్తకాల సంచి మోయించుకున్నాడు.

*

"సార్, నా ప్రశ్నకు జవాబు దొరికింది," అంది పల్లవి, మళ్లీ ఒక మధ్యాహ్నం.

రెండు గూళ్లు సారు బల్ల మీద పెట్టింది. "ఇది మా తమ్ముడిది. ఇది నాది. రెండూ ఒకే షెడ్డు, ఒకే ఆకు. నాదానికి మాత్రం ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ పెట్టినా."

గూళ్లు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పోయాయి. అందరూ నొక్కి చూశారు. గట్టి గూడు గట్టిగానే ఉంది. పలచటిది క్లాసు చివరికి చేరేసరికి అప్పడంలా అయింది. ఆ వేళ ఎవరి కళ్లూ మూతలు పడలేదు. పల్లవి జరిగిందంతా చెప్పింది. దొంగాట సంగతి కూడా దాచలేదు. మొదట్లో పురుగులు బాగా బలిశాయనీ, తానే గెలిచాననుకున్నాననీ చెప్పినప్పుడు ఐశ్వర్య తల ఊపింది.

రఘునాథ్ సారు లేచి బోర్డు దగ్గరికి వెళ్లారు. బోర్డు మీద గుండ్రం గీశారు, చుట్టూ గీత గీశారు. చాక్‌పీసు పల్లవి చేతికిచ్చారు. పల్లవి ఆ గీత పక్కన 'మైనం కాగితం' అని రాసింది.

"సార్, నేనైతే కాగితం తీసేసినా. దీన్ని ఎట్ల తీసేది?"

"ఒక్కసారిగా తీయలేమమ్మా. ముందు దాని మీద కొత్త కాగితాలు కప్పేది ఆపాల. చెట్లు పెంచితే అవి కొంచెం కొంచెం తింటా వస్తాయి."

"ఎవురు కప్పతా ఉండారు సార్?"

"అందరమూ. కొన్ని దేశాలు ఎక్కువ, కొన్ని తక్కువ. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, బొగ్గు కరెంటు, బండ్లు..."

బండ్లు అనగానే క్లాసు కిటికీలోంచి బయటికి చూసింది. వేపచెట్టు కింద సారు మోటార్‌సైకిల్ ఉంది. సారు ఇల్లు రెండు వీధుల అవతలే అని, ఆయన వంటింట్లో తాలింపు వేస్తే బడికి వాసన వస్తుందని అందరికీ తెలుసు.

సారూ చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "సరే, సరే," అన్నారు. "పుస్తకాలు తీయండి."

మర్నాడు పొద్దున ఆయన నడిచి వచ్చారు. గేటు దగ్గర పిల్లలు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. సారు తల దించుకుని నవ్వుతూ లోపలికి పోయారు.

*

షెడ్డు కడిగి ఆరబెట్టారు. ఆకు తినేయగా మిగిలిన మల్బరీ పుల్లలు పెద్ద కుప్ప పడ్డాయి. ప్రతిసారీ లాగే నాయన అగ్గిపెట్టె పట్టుకుని కుప్ప దగ్గరికి పోయాడు.

"నాయనా, కాల్చొద్దు," అంది పల్లవి.

"ఇదేంది కొత్తగా? మరేం చేసేది ఇంత పుల్ల?"

"నరికి సాళ్ల మధ్య పరిస్తే తేమ నిలుస్తాదంట. సారు చెప్పినారు. నేనూ వంశీ పరుస్తాం."

"నేను పరుస్తానని ఎప్పుడు చెప్పినా?" అన్నాడు వంశీ.

నాయన అగ్గిపెట్టె జేబులో వేసుకుని, మచ్చుకత్తి తెచ్చి పుల్లలు నరకడం మొదలుపెట్టాడు. అక్కాతమ్ముళ్లు చేతులు గీసుకుపోయేదాకా మోశారు. సగం పని వంశీది కబుర్లే అనుకోండి.

కొన్నాళ్లకు కొత్త పురుగులు వచ్చాయి, చీమ తలంత. అవ్వ తట్టల మీద మైనం కాగితం కప్పింది. పురుగులు ఒక జ్వరం లేచాయి, రెండు జ్వరాలు లేచాయి, మూడోదీ లేచాయి. ఎండలు ముదిరాయి.

ఆ మధ్యాహ్నం అవ్వ వసారాలో కునుకు తీస్తోంది. నాయన తోటలో ఉన్నాడు. పల్లవి గోనెలు తడిపి, అలవాటుగా థర్మామీటరు తీసుకుని తట్టల దగ్గరికి పోయింది. పురుగులు పెద్దయ్యాక తీసేయాల్సిన కాగితాన్ని ఒక తట్ట మీద తీయడం అవ్వ మరిచిపోయినట్టుంది. కాగితం కొస ఎత్తి థర్మామీటరు లోపల పెట్టి, కాసేపాగి తీసి చూసింది.

వెనక నుంచి వంశీ కూడా తొంగిచూశాడు. "ఒకటిన్నర డిగ్రీనే గదా అక్కా," అన్నాడు, అచ్చం ఆమె గొంతుతో.

పల్లవి రెండు చేతులతో కాగితం అంచులు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తేసింది. దాన్ని మడిచి పక్కన పెట్టింది. గాలి తగలగానే పురుగులు తలలు ఆడించాయి.

లేత ఆకు తెచ్చి పరిచింది. ఇద్దరూ తట్ట పక్కన చతికిలబడి చెవులు ఒగ్గారు. కాసేపటికి సన్నటి వాన మొదలైంది.